రోజుకొక తప్పు

పోయిన నెల ఒకతను ఫోన్ చేశాడు. గొంతును బట్టి చూస్తే చదువుకునే వయసు. "మేడం, మీ అన్నగారు పాత వీడియో గేముకు తెలుగులో ఒక ఆట తయారుచేశారని విన్నాను. అది విడుదల కాలేదంట కదా. దాని చిప్పు మీ దగ్గరుందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఇట్లా బయటికి రాకుండా పోయిన ఆటలను వెతికి దాచేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని, కంప్యూటర్లోకి ఎక్కిస్తే పదిమందీ ఆడుకుంటారని ఎంతో మర్యాదగా చెప్పాడు. నాకెందుకో ఒళ్ళు మండిపోయింది. "అది పదిమంది కోసం చేసింది కాదప్పా, ఒక్క మనిషి కోసం చేసింది. ఆడాల్సిన మనిషి ఆడేశాడు" అని పెట్టేశాను. తర్వాత పాపమనిపించింది. అతని తప్పేముంది, అతనికేం తెలుసు? తెలియజెప్పడానికే ఇది రాస్తున్నాను. చిప్పు మాత్రం ఇవ్వను.

రాప్తాడు దాటాక హైవే పక్కన మా ఇల్లు. ముందు గది అన్న అంగడి, వెనక రెండు గదుల్లో మేం. అన్న పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి టీవీలూ టేపురికార్డర్లూ బాగుచేసేవాడు. నేను అనంతపురంలో డిగ్రీ చదివేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. వానలు లేవు. లేవంటే లేవు, జనం ఆకాశం వైపు చూడటం కూడా మానేసిన ఏళ్ళవి. మా నాయన శనక్కాయ రైతు. వేసిన విత్తనం మట్టిలోనే మాడింది. బోరు వేస్తే దుమ్ము లేచింది. మళ్ళీ వేస్తే మళ్ళీ దుమ్మే. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, మేపలేక ఎద్దుల జతను కూడా అమ్మేయాల్సి వచ్చింది. ఎద్దులు పోయిన కొన్నాళ్ళకు నాయన చావబోయాడు. సమయానికి అమ్మ చూసింది. ఆసుపత్రివాళ్ళు బతికించారు.

బతికించారంటాను గానీ, ఇంటికి తిరిగొచ్చింది సగం మనిషే. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. గుంతకల్లులో రైల్వేలో పనిచేసే మా పెద్దనాయన వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని, మగోడివి అధైర్యపడితే ఎట్లా అని పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా ధైర్యం చెప్పాడు. అమ్మ ఓపిక పట్టి పట్టి, "బావా, నువ్వు చెప్పేదంతా ఆ గోడ ఇనింది, ఇంక నీకు రైలు టైమయితాదేమో" అంది. ఆయన కోపంగా లేచి వెళ్ళిపోయాడు. ఇక ఇంట్లో మా ముగ్గురికీ ఒకటే పని మిగిలింది. పొద్దున నాయనను మంచం మీదనుంచి లేపడం. లేస్తే ఆ రోజుకు బతికున్నట్టు. లేవని రోజు అమ్మ వంతు, అన్న వంతు, నా వంతు, ఎవరో ఒకరం గది గడప దాటకుండా కాపలా. నాకు కాలేజీలో కూర్చున్నా చెవులు ఇంటి దగ్గరే ఉండేవి. ఎవరైనా గట్టిగా పిలిస్తే లేచి నిలబడేదాన్ని.

ఆ రోజుల్లో అన్న అంగడిలో టీవీకి తగిలించే వీడియో గేము ఒకటి ఉండేది. ఊళ్ళో పిల్లలు గంటల లెక్కన ఆడుకునేవాళ్ళు. క్యాసెట్ మార్చితే ఆట మారుతుంది. ఎన్ని క్యాసెట్లు మార్చినా అందులో తెలుగు ఒక్క ముక్క ఉండదు, మన మనిషి ఒక్కడు ఉండడు. అన్నకు అదొక పట్టుదలగా పట్టుకుంది. అనంతపురంలో నెట్ సెంటరుకు పోయి, ఎవరో పరదేశీయులు ఆ యంత్రం లోపలి సంగతులు రాసి పెట్టిన కాగితాలను కట్టలుగా అచ్చు వేయించుకుని వచ్చాడు. పాత కంప్యూటరొకటి సంపాదించాడు. నాగలి దున్నే ఆట చేస్తానని కూర్చున్నాడు. బొమ్మలు గీసే పని నాది. గళ్ళ పుస్తకంలో ఒక్కొక్క చుక్కా నింపి ఇస్తే అన్న దాన్ని అంకెలుగా మార్చేవాడు. తిండికి రమ్మని అమ్మ ఎంత అరిచినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. "ఒగడు గోడ సూస్తాడు, ఇంగొగడు టీవీ సూస్తాడు, నేను ఎవురి మొగం సూడాల?" అని అమ్మ సణిగేది.

ఒక పొద్దున అన్న మొదటిసారి ఎద్దులను తెర మీద నడిపించాడు. నడిపించడం ఏమిటి, అవి జింకల్లా పరిగెత్తాయి. అంగడికీ వెనక గదికీ మధ్య తలుపు తెరిచే ఉండేది, కాపలా కోసం. ఆ గదిలోంచి మాట వినిపించింది.

"ఎద్దులు యాడన్నా అట్ల ఉరుకుతాయేమిరా?"

నేను అన్న మొహం చూశాను, అన్న నా మొహం చూశాడు. నాయన గొంతు విని మాకు నెలలయింది. అన్న చేతిలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీ ఉంది, దాన్ని పక్కన పెట్టాలని కూడా తోచలేదు వాడికి. "ఎట్ల పోవాల నాయనా?" అని మెల్లగా అడిగాడు.

"కాడి మెడమీదుంటే తల ఊపుకుంటా పోతాయి. కుడిపక్కుండే ఎలపట ఎద్దు ఒగడుగు ముందుంటాది." అంతే. మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఆ రోజంతా కూర్చుని ఎద్దులను సరిచేశాం. మర్నాడు చూపిస్తే నాయన మోచేతి మీద లేచి చూసి, "ఊఁ, ఇప్పుడు నయం" అన్నాడు. ఆ మర్నాడు అదే చూపిస్తే ఏమీ అనలేదు. అటు తిరిగి పడుకున్నాడు. వాకిట్లో నిలబడి అన్న ఏడుపు గొంతుతో అన్నాడు: "తప్పుంటేనే లేస్తాడే."

అప్పుడు మొదలైంది మా పని. రోజుకొక తప్పు. ముందు నాటి సాయంత్రం ఇద్దరం కూర్చుని రేపటి తప్పేమిటో ఆలోచించేవాళ్ళం. దుక్కి దున్నకుండానే విత్తనం వేయించడం. కలుపు తీసేవాళ్ళ చేతికి గొడ్డలి ఇవ్వడం. నేనైతే శనక్కాయలను మొక్క మీద గుత్తులు గుత్తులుగా వేలాడదీశాను. ఆ రోజు నాయన మంచం దిగి, టీవీ దగ్గరికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం పాపా, కాయ భూమిలో కాస్తాదా చెట్టు మీద కాస్తాదా? రైతింట్లో పుట్టినావా, బజార్లో పుట్టినావా? నువ్వు తినే కూడు ఎట్ల పండుతాదో కూడా తెల్దే నీకు. ఇదా మీ సదువు?" అని దులిపేశాడు. అన్ని తిట్లు తిని నేను పెరట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ కలగలేదు. అమ్మ వచ్చి చూసి, "తప్పులు చేసేదానికి గూడా సదువుకున్నోళ్ళు కావాల్సి వచ్చె" అని తను కూడా కళ్ళు తుడుచుకుంది.

అట్లా కొన్నాళ్ళకు నాయనే పొద్దున లేచి వచ్చి కూర్చునేవాడు. మేం రిమోట్ అనే ఆ రెండు బటన్ల పలకను చేతికి తీసుకుని, తెర మీద తనే దున్ని, తనే విత్తి, ఎక్కడ తప్పుందో పట్టుకునేవాడు. తెర మీద రైతు తలకు తువాలు చుట్టమన్నాడు, చుట్టాను. మీసం పెట్టమన్నాడు, ఒక చుక్కే చోటుంది, పెట్టాను. "నా మాదిరే ఉండాడు" అన్నాడు.

ఆటలో మాటలు పెట్టాల్సి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ యంత్రం తెరనంతా చిన్న చిన్న గళ్ళుగా చూస్తుంది. వెనక కనిపించే బొమ్మలన్నింటికీ కలిపి అది ఇచ్చే చోటు రెండువందల యాభై ఆరు గళ్ళు. నేల, నాగటి చాలు, మొలక, గట్టు, ఆకాశం, అక్షరాలు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇంగ్లీషువాడికేం, అక్షరానికి ఒక గడి, ఇరవై ఆరుతో చేతులు దులుపుకుంటాడు. మన అక్షరం ఒక గడిలో ఎక్కడ పడుతుంది? వెడల్పుకు రెండు, ఎత్తుకు రెండు కావాలి. పైన గుణింతాలు, కింద ఒత్తు పెట్టాలంటే ఇంకో వరస. నేను గీసి గీసి చూపిస్తే అన్న లెక్కపెట్టి, "ఒత్తులు తీసేద్దాం" అన్నాడు.

"ఒత్తులు తీసేస్తే తెలుగవుతుందా?"

"ఒత్తు లేని మాటలే ఏరు."

ఏరాం. ఇంటిల్లిపాదీ ఏరాం. ఎద్దు అంటే ఒత్తు ఉంది, కోడె అనుకున్నాం. విత్తనంలో ఒత్తు ఉంది, గింజ అనుకున్నాం. ముద్దకు ఉంది, రొట్టెకు ఉంది, అన్నానికి ఉంది. సంగటికి లేదు, బతికించింది. కరువుకు లేదు. ఆకలికి లేదు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "మరి నేను?" అంది. అమ్మ మాటకు ఒత్తు ఉంది. అన్న మాటకూ ఉంది. నాయనకు లేదు. "అట్లనా, నేను పనికిరానా మీ ఆటకు? సరే, అప్పుకు ఒత్తుండాదా లేదా?" అని అడిగింది. ఉందన్నాం. "అయితే మీ ఆటే బాగుండాది, నన్ను గూడా అందులోకి తీసుకపోండి" అంది. నాయన నవ్వాడు. మీసం కిందనే, శబ్దం లేకుండా, కానీ నవ్వాడు. నేను చూశాను.

'వాన వచ్చింది' అని రాయడానికి లేక నేను గింజుకుంటుంటే నాయనే మాట ఇచ్చాడు. "వచ్చేది సుట్టాలు. వాన పడతాది. పడింది అను." అట్లా 'వాన పడింది' అని పెట్టాం. ఆట మొదట్లో వచ్చే మాట అన్న పెట్టాడు: 'నాయనా, లే. తెలవారింది.' మొదటిసారి అది తెర మీద చూసినప్పుడు నాయన చాలాసేపు చదివాడు. "ఇది నాకా?" అన్నాడు. "ఆటలో ఉండే నాయనకు" అన్నాడు అన్న, తల వంచుకుని.

క్యాసెట్ లోపల ఆట ఉండేది చిన్న చిప్పులో. ఆ చిప్పుల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి రాసిన చిప్పును చెరిపి మళ్ళీ రాయాలంటే దాని నెత్తిన ఉండే గాజు కిటికీ మీద ప్రత్యేకమైన దీపం వెలుగు పడాలి. ఆ దీపం మా దగ్గర లేదు. మిద్దె మీద ఎండ ఉంది. అమ్మ ఎండబెట్టిన మిరపకాయల పక్కనే ఒక పళ్ళెంలో చిప్పులు పరిచేవాళ్ళం, కొన్ని రోజులకు చెరిగిపోయేవి. రాసినవాటి కిటికీకి వెలుగు తగలకుండా అమ్మ స్టిక్కర్ బొట్టు ఒకటి అతికించేవాళ్ళం, సరిగ్గా సరిపోయేది. బెంగుళూరు పాత సామాన్ల అంగళ్ళలో అన్న కొని తెచ్చిన పిడికెడు చిప్పులే వంతులవారీగా ఎండేవి. మబ్బు పడితే మన పని ఆగిపోతుందే అనేవాడు అన్న. ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఆ చిప్పులు కొనేటప్పుడే బెంగుళూరులో క్యాసెట్లు తయారుచేసే ఒకాయన పరిచయమయ్యాడు. ఒకసారి హైదరాబాదు పోతూ మా అంగడి ముందు కారు ఆపాడు. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు. ఆట పెట్టించుకుని ఆడాడు. దున్నాడు, విత్తాడు, ఎదురుచూశాడు. 'వాన పడలేదు' అని వచ్చింది. మళ్ళీ దున్నాడు, విత్తాడు. 'వాన పడలేదు.' మా ఆటలో వాన ఎన్నేళ్ళకొకసారి పడాలో నాయన చెప్పిన లెక్క ప్రకారమే పెట్టాం మరి. ఒకవేళ పడ్డా అది మాటే. 'వాన పడింది' అని తెర మీద వస్తుంది, ఎర్రనేల రంగు కాస్త నల్లబడుతుంది. అంతకుమించి వాన చూపించడానికి గళ్ళు మిగల్లేదు.

ఆయన రిమోట్ కింద పెట్టి, "ఏమప్పా, దీంట్లో గెలిచేది యాడ?" అన్నాడు. "పిల్లోళ్ళు దుడ్లు పెట్టి ఏడుపు కొంటారా? పని బాగ చేసినావు, కాదనను. వాన పెట్టు. కండ్లకు కనపడే వాన. అక్షరాలు తీసేసి ఇంగ్లీషు పెట్టుకో, చోటు దొరుకుతాది. అట్ల చేసినావంటే నేను తీసుకుంటా. బేగ చెయ్యి, ఈ క్యాసెట్ల కాలం అయిపోతాండాది, అందరూ సీడీలకు పోతాండారు."

అన్న వినలేదు. తెలుగు తీసేస్తే ఇంక ఇది చేసిందెందుకు అన్నాడు. కారు వెళ్ళిపోయింది. కానీ వెనక గదిలో ఉన్న నాయన అంతా విన్నాడు. ఆ సాయంత్రం, "ఆయప్ప చెప్పింది నిజమే" అన్నాడు. "వాన పడింది అని మాట చెప్తే నేల తడుస్తాదా? అట్ల చెప్పేదానికి గవర్మెంటోళ్ళు ఉండారు. వాన పెట్టరా."

ఆ తర్వాతే మాకు అసలు భయం పట్టుకుంది. మా దగ్గర తప్పులు అయిపోతున్నాయి. దుక్కి అయింది, విత్తు అయింది, కలుపు, తెగులు, కోత, పీకిన చెట్టును కట్టలు కట్టడం, కాయ తెంపడం, అన్నింట్లో చేయగలిగిన తప్పులన్నీ చేశాం, తిట్లన్నీ తిన్నాం. కొత్త తప్పు పెడితే నాయన కూర్చోకముందే పట్టేసి, మంచానికి వెళ్ళిపోయేవాడు. పొద్దున లేవడం ఆలస్యం కాసాగింది. "ఏముండాదిరా ఆడ సూసేదానికి? అన్నీ సరిగ్గానే ఉండాయి, వాన తప్ప" అనేవాడు. లేపడానికి మళ్ళీ అమ్మ చేయి పట్టుకుని లాగాల్సి వచ్చేది. నాకు తిండి సయించేది కాదు. ఇన్ని నెలలు చెమటోడ్చి పైకి లాగిన మనిషి మా కళ్ళ ముందే మళ్ళీ జారిపోతుంటే ఏం చేయాలో తెలిసేది కాదు.

అన్న వాన పెట్టడానికి కూర్చున్నాడు. ముందు అక్షరాలు ముట్టుకోకుండా చేద్దామని చూశాడు. కదిలే బొమ్మలకు వేరే చోటు ఉంటుంది ఆ యంత్రంలో. చినుకులను కదిలే ముక్కలుగా పెడదామన్నాడు. కానీ దానికీ ఒక హద్దు ఉంది. తెర మీద అడ్డంగా ఒక గీతలో కదిలే ముక్కలు ఎనిమిదే కనిపిస్తాయి. తొమ్మిదోది వస్తే యంత్రం దాన్ని చూపించదు, అంతే. మా ఎద్దుల జతకు నాలుగు, నాగలికి రెండు, రైతుకు రెండు. ఎనిమిదీ అక్కడికే చెల్లు. ఎద్దులను ముందు లెక్కపెట్టిస్తే చినుకులు మాయం. చినుకులను ముందు పెడితే చివరనున్నవాళ్ళు మాయం. చివరనున్నది రైతు.

ఎట్లా కనిపిస్తుందో చూద్దామని అన్న ఒక పొద్దున పెట్టాడు. నాయన లేచి మా వెనకే నిలబడ్డ సంగతి మేం గమనించలేదు. తెర మీద చినుకులు రాలుతున్నాయి. ఎద్దులు నడుస్తున్నాయి, నాగలి నడుస్తోంది. మేడి పట్టిన మనిషి కనిపించడం లేదు.

"వాన పడ్తాంటే నేను యాడికి పోతినిరా?" అన్నాడు నాయన.

అన్న గబుక్కున స్విచ్ ఆపేశాడు. మిషన్ ఎనిమిదికి మించి చూపించలేదని, నువ్వు అక్కడే ఉన్నావు కానీ కనపడవని, ఏదేదో చెప్పాడు. నాయన తల ఊపి వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని శబ్దం రాకుండా ఏడ్చింది. ఆ రోజు ముగ్గురం కాపలా ఉన్నాం.

ఇక మిగిలిన దారి ఒకటే. చినుకులను వెనక బొమ్మల్లోనే కలిపి గీయాలి. ఎండిన నేలకు ఒకటి, వాన పడుతున్న నేలకు ఒకటి. చాలుకు ఒకటి, మొలకకు ఒకటి, అన్నింటికీ వాన బొమ్మలు వేరే. అవి కదిలినట్టు ఉండాలంటే ఒక్కోదానికి రెండు మూడు. దానికి చోటు కావాలంటే అక్షరాలు పోవాలి. నేను అన్నతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. నెలల తరబడి చుక్క చుక్క పేర్చి గీసిన అక్షరాలవి. "ఆ మాటలు సూసే గదా లేస్తాండాడు, అవి తీసేస్తే ఎట్లన్నా?" అన్నాను.

"ఇప్పుడు లేస్తాండాడా?" అన్నాడు అన్న.

నేనే కూర్చుని ఒక్కొక్కటే చెరిపేశాను. ఇంగ్లీషు కూడా పెట్టలేదు, మాటలే లేని ఆటగా చేశాం. చెరిపిన గళ్ళలో వాన గీశాను. ఏటవాలుగా, గాలితో వచ్చే వాన. మా నేల మీద పడే వాన ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకుని గీయాల్సి వచ్చింది. కొన్ని వారాలు పట్టింది. ఆలోగా నాయన లేచిన పొద్దులకంటే లేవని పొద్దులే ఎక్కువ.

పూర్తయ్యాక ఇద్దరం కూర్చుని చివరి తప్పు ఆలోచించాం. ఏ రైతూ చూసి ఊరుకోలేని తప్పు కావాలి. నిద్రలో ఉన్నా లేచి అరిచే తప్పు. అన్నకు తట్టింది. పంట బాగా పండుతుంది, కాయ చెట్టునుంచి తెంపి కళ్ళంలో పరుస్తారు, బాగా ఎండుతుంది. అప్పుడు వాన పడాలి. ఎండిన కాయ మీద వాన పడితే ఇక దానికి బూజే గతి, తినడానికీ కాదు, మళ్ళీ విత్తడానికీ కాదు. మా వైపు ఆ వేళ ఎవరింట చినుకు శబ్దం విన్నా తిండి ముందు కూర్చున్నవాళ్ళు కూడా ఎంగిలి చేత్తో లేచి కాయ మీద గోనెపట్ట కప్పడానికి పరిగెత్తుతారు. ఆటలో కూడా పట్ట పెట్టాం. ఒక బటన్ నొక్కితే రైతు కళ్ళం మీద పట్ట కప్పుతాడు.

ఆ పొద్దున నాయనను అన్న చేయి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. రిమోట్ చేతిలో పెట్టాడు. నాయన దున్నాడు. విత్తాడు. వాన పడింది. తెర నిండా, ఏటవాలుగా, గాలితో పడింది. ఎద్దులు ఉన్నాయి, నాగలి ఉంది, రైతూ ఉన్నాడు, ఎవరూ మాయం కాలేదు. మొలక లేచింది, చేను పచ్చబడింది. నేను తెర చూడలేదు, నాయన మొహం చూస్తున్నాను. ఏదో ఒకటి కదలాలని, పెదవో, కనుబొమో, ఏదైనా సరే కదిలితే చాలని చూస్తున్నాను. వేలు మాత్రం బటన్ల మీద సక్రమంగా కదిలింది. పంట వచ్చింది. కాయ తెంపాడు, కళ్ళంలో పరిచాడు. ఎండింది.

అప్పుడు వాన మొదలైంది.

అమ్మ ఆ వేళకు సంగటి కుండ దించి తలుపు దగ్గరికి వచ్చింది. తప్పు సంగతి అమ్మకు మేం చెప్పలేదు. తెర చూసిందో లేదో, "అయ్యో, కాయ తడుస్తాండాదే" అని మూలనున్న గోనెపట్ట వైపు చేయి చాచి రెండడుగులు వేసింది కూడా. ఆ తర్వాతే అది టీవీ అని గుర్తొచ్చి ఆగింది.

నాయన రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద కళ్ళం మీద వాన పడుతూనే ఉంది.

"తడవనీలే మే" అన్నాడు అమ్మతో.

అన్న ముందుకు వంగి నాయన వేలు పట్టుకుని బటన్ మీద పెట్టాడు. "నాయనా, ఇది నొక్కితే పట్ట కప్పుతాడు నాయనా. నొక్కు. కాయంతా పోతాది. మల్లా ఇత్తనానికి గూడా ఉండదు. ఒక్కసారి నొక్కు నాయనా. లేకుంటే ఇట్లెందుకు పెట్టినారురా అని తిట్టు. ఏదో ఒగటి అను" అన్నాడు. అంత పెద్ద మగవాడు అట్లా బతిమాలడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

నాయన వేలు వెనక్కి తీసుకున్నాడు. కోపంగా కాదు, మెల్లగానే. అన్న తల మీద చేయి పెట్టి, "పోనీలేప్పా" అన్నాడు. "మల్లా ఇత్తేదెవురు?"

లేచి, గోడ పట్టుకుని నడుస్తూ మంచం దగ్గరికి పోయి పడుకున్నాడు. ఆ మంచం మీదనుంచి నాయనను మళ్ళీ మేం లేపలేకపోయాం. ఆ ఏడు విత్తేకాలం రాకముందే పోయాడు.